అడవి కొండకు ఏ దారి? దిగుడు చూసి తేల్చుకోండి

అడవి కమ్ముకున్న కొండ మీదికి ఒక్కటే దారి ఉండటం అరుదు. వాగును ఆనుకుని పైకి పోయే కాలిబాట ఒకటి, కొండ వెన్ను పట్టుకుని సాగేది మరొకటి, వాలు మీద మెలికలు తిరుగుతూ ఎక్కేది ఇంకొకటి. కలప తోలడానికి ఎప్పుడో వేసిన మట్టి రోడ్డు కూడా చాలాచోట్ల ఉంటుంది. శిఖరం దగ్గర రాతి గోడ ఉంటే తాడు వేసుకుని ఎక్కేవాళ్ల దారి అదనం.

కొత్తగా ట్రెక్కింగ్ మొదలుపెట్టినవారు వీటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే ముందుగా అడిగేది ‘ఎన్ని కిలోమీటర్లు?’ అని. ఆ తర్వాత ‘పైనుంచి ఏమేం కనిపిస్తాయి?’ అని. రెండూ తెలుసుకోవాల్సినవే. నేనైతే వాటికంటే ముందు ఇంకొకటి అడుగుతాను: దిగేది ఎటునుంచి, ఎలాంటి నేల మీద?

ఎక్కేటప్పుడు కాళ్లలో సత్తువ ఉంటుంది, ముందు బోలెడంత పగలు ఉంటుంది, కళ్లకు ఎదురుగానే నేల ఉంటుంది. అడుగు తప్పినా చాలావరకు ముందుకు, చేతుల మీదికి పడతాం. దిగేటప్పుడు ఇవన్నీ తిరగబడతాయి. శరీరం బరువును ప్రతి అడుగులోనూ ఆపి పట్టుకోవాల్సింది తొడ కండరాలే. సాగుతూనే బిగుసుకోవాల్సిన ఆ పని వాటిని బాగా నలగగొడుతుంది. మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు సలిపేది అందుకే. అప్పటికి సీసాలో నీళ్లు అడుగంటి ఉంటాయి, పొద్దు వాలుతూ ఉంటుంది, శిఖరం చూసేశామన్న తృప్తితో ధ్యాస సడలుతుంది. కొండదారుల్లో జారిపడటాలు దిగుదలలోనే ఎక్కువ. కాబట్టి కింద ఏ రెండు దారులను పోల్చినా దిగుడుకే ఎక్కువ విలువ ఇస్తున్నాను.

కిలోమీటర్లు దాచిపెట్టే సంగతి

రెండు దారులు ఉన్నాయనుకుందాం. మొదటిది పోనూ రానూ 12 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 400 మీటర్లు. రెండోది పోనూ రానూ 8 కిలోమీటర్లే, ఎత్తు మాత్రం 1,000 మీటర్లు. పూటలో ముగించుకుని రావచ్చని చాలామంది రెండోదానివైపే మొగ్గుతారు.

స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. మెట్రిక్ కొలతల్లో చెప్పుకుంటే, ప్రతి 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఆ లెక్కన మొదటి దారికి 3 గంటల 4 నిమిషాలు, రెండోదానికి 3 గంటల 16 నిమిషాలు పడుతుంది. నాలుగు కిలోమీటర్లు తక్కువైన దారికి పన్నెండు నిమిషాలు ఎక్కువన్నమాట.

ఇక్కడితో ఆగితే రెండూ ఇంచుమించు సమానమే అనిపిస్తుంది. అయితే నైస్మిత్ దిగుడును లెక్కలోకి తీసుకోలేదు. ఆ లోటును తర్వాతి కాలంలో బ్రిటిష్ పర్వతారోహకుడు ఎరిక్ లాంగ్‌ముయిర్ సవరించాడు. 5 నుంచి 12 డిగ్రీల మెల్లని వాలులో దిగితే ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు తీసేయాలి. 12 డిగ్రీలు దాటిన వాలులో దిగితే ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు కలపాలి. మన రెండో దారి 4 కిలోమీటర్లలో 1,000 మీటర్లు దిగుతుంది, అంటే సగటున 14 డిగ్రీల వాలు. దానికి మరో 33 నిమిషాలు చేరతాయి. మొదటి దారి వాలు 4 డిగ్రీలలోపే కాబట్టి మార్పేమీ లేదు.

జర్మనీ జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన డీఐఎన్ 33466 లెక్క ఇంకా కచ్చితంగా మాట్లాడుతుంది. గంటకు 4 కిలోమీటర్ల నడక, 300 మీటర్ల ఎక్కుడు, 500 మీటర్ల దిగుడు అని అది మొదలుపెడుతుంది. దూరానికి పట్టే సమయం ఒకవైపు, ఎక్కి దిగడానికి పట్టే సమయం మరోవైపు లెక్కగట్టి, వాటిలో పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి. మొదటి దారిలో దూరానికి 3 గంటలు, ఎక్కి దిగడానికి 2 గంటల 8 నిమిషాలు. మొత్తం 4 గంటల 4 నిమిషాలు. రెండో దారిలో దూరానికి 2 గంటలే, ఎక్కి దిగడానికి 5 గంటల 20 నిమిషాలు. మొత్తం 6 గంటల 20 నిమిషాలు! పొట్టి దారి అనుకున్నది రెండుంబావు గంటలు ఎక్కువ తింటోంది.

అడవి కొండల్లో నేను నమ్మేది ఈ జర్మనీ లెక్కనే. బాటకు అడ్డంగా పాకిన వేర్లు, తడిసిన ఆకులు, గాలికి విరిగిపడిన మానులు గంటకు 5 కిలోమీటర్ల నడకను ఎక్కడా సాగనివ్వవు. పైగా ఈ సూత్రాలేవీ విశ్రాంతిని కలుపుకోవు. భోజనానికి, ఫొటోలకు, బూటు లేసు కట్టుకోవడానికి పోయే సమయం మీరే కలుపుకోవాలి. గుంపుగా వెళ్తే అందరికంటే నిదానంగా నడిచేవారి వేగమే గుంపు వేగం.

ఇంకో మాట. అమెరికా భౌగోళిక శాస్త్రవేత్త వాల్డో టోబ్లర్ 1993లో ఇచ్చిన సమీకరణం ప్రకారం మనిషి అన్నిటికంటే వేగంగా నడిచేది చదును నేల మీద కాదు, 5 శాతం దిగుడు వాలు మీద. నూరు మీటర్లకు ఐదు మీటర్లు దిగే ఆ వాలులో వేగం గంటకు 6 కిలోమీటర్లు. వాలు అంతకు మించేకొద్దీ వేగం పడిపోతుంది. పొడవైన, మెల్లని దిగుడు ఉన్న దారి కనిపిస్తే రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువైనా వదులుకోకండి.

వాగు దారా, కొండ వెన్నా?

అడవి కొండల్లో అసలైన తగవు ఈ రెండింటి మధ్యే.

వాగు దారికి నీడ ఉంటుంది, చల్లదనం ఉంటుంది, నీళ్లు పక్కనే ఉంటాయి. ఎంత తేటగా కనిపించినా ఆ నీటిని మరిగించో, శుద్ధి చేసో తాగాలి. ఎగువన ఏ జంతువు దిగిందో మనకు తెలియదు. లోయ దారులు చాలావరకు మొదట మెల్లగా ఎక్కి, లోయ ముగిసేచోట ఒక్కసారిగా నిటారవుతాయి. తిరుగు ప్రయాణంలో ఆ నిటారు భాగం ముందే అయిపోతుంది, కాళ్లు పూర్తిగా అలసిన చివరి గంటలకు మెత్తని వాలు మిగులుతుంది. దిగుడు కోణంలో చూస్తే ఇది పెద్ద వరం.

కొండ వెన్ను దారిది దీనికి తలకిందులైన స్వభావం. కష్టమంతా మొదట్లోనే, వెన్ను మీదికి చేరేదాకా. ఆ తర్వాత గాలి, వెలుతురు, రెండువైపులా లోయలు. మ్యాపులో చూసినప్పుడు మాత్రం ఒకటి గమనించాలి. వెన్ను దారి ఒకే ఊపులో పైకి పోదు. ఒక గుట్ట ఎక్కి, కనుమలోకి దిగి, మళ్లీ ఇంకో గుట్ట ఎక్కుతుంది. అందుకే శిఖరం ఎత్తులోంచి బయలుదేరే చోటి ఎత్తును తీసేస్తే మొత్తం ఎక్కుడు తేలదు. ప్రతి ఎక్కుడునూ విడిగా కూడాలి, తిరుగు ప్రయాణంలో వచ్చేవాటిని కూడా. అలసిన కాళ్లతో ఇంటిముఖం పట్టాక ఎదురయ్యే నూరు మీటర్ల ఎక్కుడు మనసును కుంగదీస్తుంది. పైగా వెన్ను మీద నీళ్లు దొరకవు. గంటకు అర లీటరు చొప్పున, ఎండ ఉంటే ఇంకా ఎక్కువ, కిందనుంచే మోసుకుపోవాలి. ఆరు గంటల నడకకు మూడు లీటర్లంటే మూడు కిలోల బరువు.

వెన్ను మీద అసలు భయం పిడుగు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి. ధ్వని కిలోమీటరుకు సుమారు మూడు సెకన్లు తీసుకుంటుంది. ముప్పై సెకన్లలోపే ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్టు. అప్పటికే వెన్ను దిగిపోయి ఉండాలి. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా మళ్లీ పైకి పోకూడదు. ఒంటరి చెట్టు కిందికీ, గుహ నోటి దగ్గరికీ చేరకూడదు. పక్క వాలులో ఒకే ఎత్తున ఉన్న చెట్ల గుబురు వాటికంటే చాలా నయం. ఉక్కపోత రోజుల్లో కొండల మీద మబ్బులు మధ్యాహ్నం తర్వాత కమ్ముతాయి కాబట్టి వెన్ను దారి ఎంచుకుంటే చీకటితోనే బయలుదేరి మధ్యాహ్నానికల్లా దాన్ని వదిలేసేలా చూసుకోవాలి.

వాగు దారికి ఉన్న భయం వాగే. ఎన్నిచోట్ల దాటాలి, వంతెన ఉందా అన్నది తెలుసుకోకుండా లోయ దారి ఎంచుకోవద్దు. పొద్దున పాదం తడవకుండా రాళ్ల మీద దాటిన చోటే సాయంత్రానికి తొడల్లోతు కావచ్చు. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువన కురిసిన వాన కాసేపటికి దిగివస్తుంది. మంచు కరిగి పారే ఏరయితే వాన లేకపోయినా సరే, ఉదయం తక్కువగానూ మధ్యాహ్నం దాటాక ఎక్కువగానూ పారుతుంది. నీటి రంగు మారి మట్టి కలుస్తుంటే, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే, అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తుంటే ఇక దాటే ఆలోచన మానుకోవాలి. నీటి వేగం రెట్టింపయితే అది కాలిని నెట్టే బలం నాలుగింతలవుతుంది. మోకాలి పైకి వచ్చిన వడి నీటిలో దిగడమంటే ప్రాణంతో చెలగాటమే.

తప్పనిసరిగా దాటాల్సి వస్తే ఇరుకైన చోటు కాక వెడల్పాటి చోటు చూసుకోవాలి. నీరు పరుచుకున్నచోట లోతూ వేగమూ తగ్గుతాయి. వంపు తిరిగేచోట బయటి గట్టు వైపు లోతెక్కువ, అక్కడ దిగకూడదు. కొంచెం దిగువన జలపాతంగానీ, నీటికి అడ్డంగా పడిన మానుగానీ లేవని చూసుకోవాలి. బూట్లు విప్పకూడదు, ఎందుకంటే పాచి పట్టిన రాళ్ల మీద వట్టి పాదం నిలవదు. వీపు సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ ముందే విప్పి ఉంచాలి. పడిపోతే సంచిని ఒక్క విదిలింపుతో వదిలించుకోగలగాలి. ముఖం ప్రవాహానికి ఎదురుగా పెట్టి, చేతికర్రను ఎగువన నాటి, పక్కకు చిన్న చిన్న అడుగులు వేయాలి. కర్ర, రెండు కాళ్లు, ఈ మూడింటిలో ఒకసారికి ఒక్కటే కదలాలి. కాలు మోపిన రాయి కదలదని తెలిసాకే బరువు దాని మీదికి మార్చాలి.

దారి తప్పే విషయంలో ఈ రెండూ ఎదురెదురు. కొండ వెన్నులన్నీ పైకి పోయేకొద్దీ శిఖరం దగ్గర కలుస్తాయి. అందువల్ల వెన్ను మీద ఎక్కేవారు దారి తప్పడం కష్టం. దిగేటప్పుడు మాత్రం అవే వెన్నులు పాయలుగా చీలిపోతాయి. మంచు తెర కమ్మిందా, పక్క పాయలోకి జారుకున్నామన్న సంగతి అరగంట దాటాకగానీ తెలియదు. వాగులు ఇందుకు భిన్నం. పైన పాయలుగా ఉన్నవి కిందికి వచ్చేకొద్దీ కలిసిపోతాయి కాబట్టి ఉన్న బాట వెంట దిగేవారికి లోయలో తికమక తక్కువ. అలాగని దారి తప్పినవారు బాట లేని వాగును పట్టుకుని దిగకూడదు. అది జలపాతం అంచుకో, నిలువు గోడల మధ్యకో తీసుకెళ్లి వదలవచ్చు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే రేఖలుండే కాంటూరు మ్యాపు చూడటం వచ్చినవారికి ఈ రెండింటినీ గుర్తుపట్టడం తేలిక. రేఖల మొనలు ఎత్తు వైపు పొడుచుకుపోతే అది లోయ, పల్లం వైపు పొడుచుకొస్తే అది వెన్ను. రేఖలు ఎంత దగ్గరగా ఉంటే వాలు అంత నిటారు.

ఇంతకూ ఏది? వాగు మీద వంతెనలున్నాయని తెలిస్తే పొద్దున్నే వెన్ను మీదుగా ఎక్కి, మధ్యాహ్నం లోయలోంచి దిగడం నాకు అన్నిటికంటే నచ్చే కూర్పు. పిడుగుల వేళకు వెన్ను వదిలేసి ఉంటాం, అలసిన కాళ్లకు మెత్తని దారి దొరుకుతుంది. వంతెనలు లేకపోతే మాత్రం ఆ కూర్పు జోలికి పోవద్దు. రోజు చివర, మరో అరగంటలో ఊరు చేరతామనగా పొంగిన వాగు అడ్డం నిలిస్తే ముందుకూ పోలేం, కొండంతా తిరిగి ఎక్కనూ లేం. అలాంటప్పుడు వెన్ను మీదే వెళ్లి వెన్ను మీదే రావడం మేలు. ఉరుములూ వానా రెండూ ఖాయమైతే ఈ రెండు దారులనూ పక్కన పెట్టాలి.

అప్పుడు పనికొచ్చేవి మెలికల బాట, మట్టి రోడ్డు. మెలికల బాట వాలును పంచుకుని ఎక్కుతుంది కాబట్టి మోకాళ్లకు అంతకంటే మంచి దిగుడు లేదు. మెలికను దాటేసి అడ్డంగా దూకే పొట్టి దారులు మాత్రం తొక్కవద్దు. వాన నీరు ఆ గాడినే పట్టుకుని కొండను కోస్తుంది, అసలు బాట కూడా పాడవుతుంది. ఇక మట్టి రోడ్డు. చూడటానికి ఏమీ లేదని ట్రెక్కర్లు దాన్ని చిన్నచూపు చూస్తారు. చీకటి పడినా, ఎవరి చీలమండ బెణికినా, నలుగురు మోసుకుని దిగాల్సి వచ్చినా ఆదుకునేది అదే. ఎక్కడానికి ఏ దారి ఎంచుకున్నా, ఆ దారిలో ఏ చోటునుంచి మట్టి రోడ్డుకు చేరవచ్చో మ్యాపులో గుర్తు పెట్టుకోవాలి.

వెళ్లిన దారినే రావాలా?

వెళ్లిన దారినే తిరిగి రావడంలో కొత్తదనం లేదని అంటారు. నిజమే, కానీ దిగబోయే ప్రతి అడుగూ పొద్దున చూసినదే. ఎక్కడ రాయి కదులుతుందో, ఎక్కడ బాట చీలుతుందో తెలుసు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తిరగవచ్చు. తెలియని కొండ మీదికి మొదటిసారి వెళ్లేవారికి ఇదే నా సలహా. ఎక్కేటప్పుడు ప్రతి చీలిక దగ్గరా ఆగి వెనక్కి తిరిగి చూడాలి. దిగేటప్పుడు కనిపించబోయే దృశ్యం అదే. ఎక్కేటప్పుడు ఎదురుగా చూసినదానికి అది ఏ మాత్రం పోలి ఉండదు.

చుట్టు దారిలో ప్రతి మలుపూ కొత్తదే. దానికి తగ్గ చిక్కు కూడా ఉంది. ఒక చోటు దాటాక వెనక్కి రావడం కంటే ముందుకు పోవడమే దగ్గరవుతుంది. ఆ చోటు ఎక్కడుందో ఇంటి దగ్గరే తేల్చుకుని, అక్కడికి చేరాక ఒళ్లు, వాతావరణం, సమయం మూడూ బాగుంటేనే దాటాలి. చుట్టు దారిని ఏ వైపునుంచి తిరగాలన్నదానికి నాకు తెలిసిన మంచి నియమం ఒక్కటే: నిటారుగా ఉన్న వైపు ఎక్కండి, మెల్లగా ఉన్న వైపు దిగండి. నిటారు ఎక్కుడు ఊపిరిని పరీక్షిస్తుంది, కాసేపు ఆగితే ఊపిరి తిరిగి వస్తుంది. నిటారు దిగుడు మోకాళ్లను పరీక్షిస్తుంది, అవి ఆగినంత మాత్రాన కుదుటపడవు.

ఒక ఊళ్లో ఎక్కి కొండ అవతలి ఊళ్లో దిగే దారి అనుభవం ఉన్నవారికే. అవతల బండి ఏర్పాటు ముందే ఉండాలి, మధ్యలో దిగిపోయే పక్కదారులు కనీసం రెండు తెలిసి ఉండాలి.

గ్రేడు చూసి మోసపోకండి

నడక ముగిసి ఎక్కడం మొదలయ్యే సరిహద్దును చెప్పడానికి రకరకాల గ్రేడులున్నాయి. స్విస్ ఆల్పైన్ క్లబ్ కొండ నడకను టీ1 నుంచి టీ6 దాకా ఆరు మెట్లుగా విడదీసింది. స్విట్జర్లాండ్‌లో టీ1 దారులకు పసుపు గుర్తులు, టీ2, టీ3 దారులకు తెలుపు-ఎరుపు-తెలుపు, టీ4 నుంచి పైవాటికి తెలుపు-నీలం-తెలుపు గుర్తులు వేస్తారు. అమెరికాలో సియెర్రా క్లబ్ 1930ల్లో మొదలుపెట్టిన పద్ధతిలో మొదటి ఐదు తరగతులు ఇవి: ఒకటి మామూలు నడక, రెండులో అప్పుడప్పుడు చేతులు వాడాలి, మూడులో చేతులతో పాకుతూ ఎక్కాలి, నాలుగులో పడితే ప్రాణం పోవచ్చు, ఐదులో తాడు, రాతి ఆరోహణ నైపుణ్యం తప్పనిసరి.

ఏ పద్ధతి చూసినా రెండు సంగతులు మరవకూడదు. మొదటిది, గ్రేడు ఆ దారిలోని అతి కష్టమైన చోటు గురించి మాట్లాడుతుంది, పొడవు గురించి కాదు. టీ2 అని రాసినంత మాత్రాన పది గంటల నడక తేలికైపోదు. రెండోది, గ్రేడు పొడి నేలను, మంచి వాతావరణాన్ని ఊహించుకుని ఇచ్చినది. అడవిలో వానకు తడిసిన బండ మీద పాచి పట్టి ఉంటే అదే చోటు ఒక మెట్టు పైకి పోతుంది. వాన వెలిసిన ఉదయం బాట మీద పడుకున్న వేరును దగ్గరగా చూడండి. బెరడు ఊడి, నున్నబడి, నీటి పొరతో మెరుస్తూ ఉంటుంది. దిగేటప్పుడు బూటు దాని మీద ఏటవాలుగా పడితే ఎంత ఖరీదైన సోల్ అయినా నిలవదు. వేరు మీద కాలు పెట్టకండి, దాటి అడుగు వేయండి.

చేతులు వాడాల్సిన రాతి భాగం ఎదురైతే ఒక పరీక్ష ఉంది. నాలుగు అడుగులు ఎక్కి, అక్కడినుంచి దిగి చూడండి. ఎక్కేటప్పుడు పట్టులన్నీ కళ్లముందు ఉంటాయి, దిగేటప్పుడు పాదం పెట్టాల్సిన చోటు మన ఒంటి కిందే దాగి ఉంటుంది. ఆ నాలుగడుగులు నిబ్బరంగా దిగలేకపోతే ఆ దారి ఈరోజుకు మీది కాదు. తాడు ఉంది కదా అన్న ధీమా ఇంకా ప్రమాదం. రాతికి గట్టి ఊతం కట్టకుండా ఇద్దరు మనుషులు ఒకే తాడుకు కట్టుకుంటే, ఒకరు జారినప్పుడు రెండోవారు కూడా వెంట పోతారు. తాడు వాడకం శిక్షకుడి దగ్గర నేర్చుకోవాల్సిన విద్య, వీడియో చూసి కొండ మీద ప్రయత్నించేది కాదు.

చెట్లు పెరగగలిగే హద్దు దాటి మంచు పరుచుకున్న ఎత్తులకు పోయే దారులయితే లెక్క మళ్లీ మారుతుంది. మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో, అంటే ఎక్కడానికి అనువుగా కనిపించే వాలుల్లోనే. 2,500 మీటర్లు దాటితే ఎత్తు జబ్బు రావచ్చు. 3,000 మీటర్ల పైన రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఆగాలి. అక్కడ రెండు దారుల్లో ఏది మేలంటే, త్వరగా కిందికి దిగిపోగలిగేదే. తలనొప్పి ముదిరి, నడక తూలుతున్న మనిషికి మొదటి మందు దిగడమే.

కాలం మారితే దారి మారుతుంది

ఒకే బాట రెండు రుతువుల్లో రెండు బాటలు. ఆకు రాలే కాలంలో రాళ్ల మెట్లు, గుంతలు అన్నీ ఆకుల కింద దాక్కుంటాయి. అప్పుడు మట్టి రోడ్డో, మెలికల బాటో నిటారు దారికంటే భద్రం. వానల్లో లోయ దారి జలగల రాజ్యం. పొడవాటి సాక్సుల్లోకి ప్యాంటు దోపుకుంటే చాలావరకు తప్పుతుంది. పొదలు, పొడవు గడ్డి ఒరుసుకునే బాటల్లో తిరిగినప్పుడు పిడుదులు పట్టాయేమో ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోవాలి. పట్టి ఉంటే చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టుకుని తిన్నగా లాగాలి, కాల్చకూడదు, నూనె పోయకూడదు. ఎండాకాలంలో గడ్డి వాలుల మీద నిప్పు పైకి ఎగబాకుతుంది, మనిషి పరుగు దానికి చాలదు. అడవి శాఖ మూసిన దారి జోలికి పోకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఎత్తు పెరిగే ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ చల్లబడుతుంది. కింద 25 డిగ్రీలుంటే వెయ్యి మీటర్ల పైన 18 లేదా 19. దానికి వెన్ను మీది గాలి, చెమటకు తడిసిన చొక్కా తోడైతే వణుకు పుడుతుంది. వెన్ను దారి ఎంచుకున్నవారు గాలి ఆపే కోటును ఎండాకాలంలోనూ మోయాలి. లోయ దారివారికి ఒక పలచని స్వెట్టర్ సరిపోవచ్చు.

ఎవరికి ఏది?

పిల్లలతో వెళ్తుంటే వంతెనలున్న వాగు దారి. నడుస్తూ ఆడుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది, శిఖరం చేరకపోయినా రోజు వృథా కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి మెలికల బాట, చేతిలో రెండు ఊతకర్రలు. దిగేటప్పుడు కర్రల పొడవు కాస్త పెంచుకుంటే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. మొదటిసారి వెళ్లే యువకుల గుంపుకు శిఖరం మీద ఎంత మోజున్నా, 400 నుంచి 600 మీటర్ల ఎక్కుడుకు మించని దారే నేను చెబుతాను, అదీ వెళ్లిన దారినే రావడం. ఒంటరిగా వెళ్లాలనుకుంటే జనం తిరిగే దారే ఎంచుకోవాలి, ఏకాంతం ఎంత ఊరించినా సరే. రాతి కొమ్ము ఎక్కాలన్న పట్టుదల ఉన్నవారు అదే కొండను ముందు నడక దారిలో ఎక్కి దిగండి. తాడు దారి పైనుంచి దిగాల్సింది చాలాసార్లు ఆ నడక దారిలోనే, బహుశా చీకట్లో.

ఏ దారి అయినా వెనక్కి తిరిగే సమయం ముందే పెట్టుకోవాలి. దాన్ని సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్కించాలి. ఆరింటికి పొద్దు కుంకుతుందనుకుంటే, చెట్ల కింద అరగంట ముందే మసకబారుతుంది. ఐదింటికి కింద ఉండాలి. దిగడానికి విశ్రాంతితో కలిపి రెండున్నర గంటలు పడితే, మధ్యాహ్నం రెండున్నరకు శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా తిరగాలి. ఆ సమయం, వెళ్తున్న దారి పేరు, తిరిగి వచ్చే వేళ కింద ఒకరికి చెప్పి వెళ్లాలి. మ్యాపును ఫోనులో ముందే దించుకుంటే నెట్‌వర్క్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఇరుకు లోయల్లో, దట్టమైన చెట్ల కింద అది కొన్ని పదుల మీటర్లు తప్పు చూపవచ్చు కాబట్టి కాగితపు మ్యాపు, దిక్సూచి సంచిలో ఉండాలి. టార్చి, ఈల సరేసరి. ఆపదలో ఉంటే నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. విన్నవారు నిమిషానికి మూడుసార్లు ఊది జవాబిస్తారు.

ఇవన్నీ చూశాక కూడా రెండు దారులు సమానంగానే తోస్తే, కష్టమైన భాగం ముందుగా వచ్చే దారిని తీసుకోండి. అది మీవల్ల కాదని తేలితే పొద్దున తొమ్మిదింటికే తేలుతుంది, అప్పటికింకా రెండో దారి ఎక్కడానికి సరిపడా పగలు మిగిలే ఉంటుంది.